కీళ్ళ గుజ్జుకు కదలికే పోషణ

విరిగిన ఎముక అతుక్కున్నట్టే అరిగిన మోకాలి గుజ్జు కూడా తిరిగి పెరుగుతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదు. ఎముకలో సన్నని నాళాల గుండా రక్తం నిత్యం ప్రవహిస్తుంది కనుక, పాత ఎముకను కరిగించే కణాలూ కొత్తదాన్ని కట్టే కణాలూ జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. కానీ కీళ్ళలోని గుజ్జుకు, అంటే ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి, రక్తనాళాలు గానీ నరాలు గానీ లేవు; అందుకే అది ఎముకలా తిరిగి పెరగలేదు. బరువు పడినప్పుడు నీటిని వదిలి, బరువు తొలగినప్పుడు కీలు ద్రవాన్ని స్పాంజిలా పీల్చుకుంటూ, అందులోని పోషకాలతోనే అది బతుకుతుంది. అరుగుదల మొదట్లో నొప్పిగా తెలియకపోవడానికి నరాలు లేకపోవడం ఒక ముఖ్య కారణం. మా కోనసీమలో ఏళ్ళ తరబడి బురదలో నడుము వంచి వరినాట్లు వేసిన ఆడవాళ్ళు, మోకాళ్ళ నొప్పి రాగానే భయపడి నడక పూర్తిగా మానేస్తున్నారు. దానివల్ల తొడ కండరాలు సన్నబడి, మిగిలిన గుజ్జుకు అందే పోషణ కూడా తగ్గుతుందని వారికి ఎవరైనా విడమరచి చెప్పాలి.