ఒక సేవకుడి ఆవేదన

నాయకుడంటే ముందు సేవకుడు. ఈ మాట నాది కాదు, రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే ఆయనది. ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీలో 38 ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక 1970లో ఒక వ్యాసం రాసి పెట్టాడు. అప్పటినుంచి లోకంలో బాసులు లేరు, అందరూ సేవకులే. నేనూ ఆ కోవలోవాణ్నే, మూడు రోజుల శిక్షణ కూడా తీసుకున్నాను. సానుభూతికీ సహానుభూతికీ తేడా అక్కడే తెలిసింది. మధ్యలో ఒక 'హ' ఉంటుంది. తల కాస్త పక్కకి వాల్చి, దాన్ని నిట్టూర్పులా పలకాలి, అంతే.

మొన్న మా టీమ్‌లో ఒకబ్బాయి వచ్చి, వాళ్లమ్మకి ఆపరేషన్, నాలుగు రోజులు సెలవు కావాలన్నాడు. పాతరోజుల్లో అయితే "కుదరదు" అనేసేవాణ్ని, ఇద్దరి టైమూ కలిసొచ్చేది. ఇప్పుడలా కాదు కదా. ల్యాప్‌టాప్ మూశాను (పూర్తిగా కాదు, మెయిల్ వస్తే కనిపించేంత సందు వదిలి). ఎదురుగా కూర్చుంటే పెత్తనం చేసినట్టుంటుందట, అందుకని కుర్చీ అతని పక్కకి లాక్కున్నాను. వాళ్లమ్మ గురించి అడిగాను, మా అమ్మ గురించి చెప్పాను, మా అమ్మ గురించే కాస్త ఎక్కువ చెప్పినట్టున్నాను, నలభై నిమిషాలు పట్టింది. నా కళ్లు చెమర్చాయి. చివర్లో భుజం మీద చెయ్యేసి "ఆస్పత్రిలో వైఫై ఉంటుందిగా?" అన్నాను. అతనేం మాట్లాడలేదు. అర్థం చేసుకున్నాడు. సహానుభూతి రెండువైపులా ఉండాలి మరి.

కొందరు దీన్ని అపార్థం చేసుకుంటారు. 2014లో అమ్మకాలు దెబ్బతిన్నప్పుడు జపాన్ వీడియో గేముల కంపెనీ నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా ఐదు నెలలపాటు తన జీతాన్ని సగానికి సగం కోసుకున్నాడు. అంతకు ముందే, ఉద్యోగుల్ని తీసేస్తే మిగిలినవాళ్ల మనోధైర్యం పోతుందని వాటాదారులకు చెప్పి ఉన్నాడు కూడా. పెద్దాయన, తప్పు పట్టకూడదు గానీ, ఒక వర్క్‌షాప్‌తో పోయేదానికి సొంత జీతం దాకా వెళ్లడమేమిటి? మనలో మనమాట, ఇలాంటివాళ్ల వల్లే మాలాంటివాళ్లకి టెన్షన్.

ఇంట్లోనూ నేనింతే. మా ఆవిడ ఇల్లు ఊడుస్తూ సోఫా దగ్గరికి రాగానే, అడగక్కర్లేకుండా రెండు కాళ్లూ పైకెత్తుతాను. "నీ నడుంనొప్పి నాకు తెలుస్తోంది" అంటాను. నిజంగానే తెలుస్తుంది, అందుకే లేవలేను.

గ్రీన్‌లీఫ్ ఒక పరీక్ష కూడా పెట్టాడు. మనం ఎవరికి సేవ చేశామో వాళ్లు ఎదిగారా, ఆరోగ్యంగా, స్వేచ్ఛగా ఉన్నారా, వాళ్లూ సేవకులయ్యే దారిలో ఉన్నారా అని చూసుకోమన్నాడు. మొదటివన్నీ హెచ్ఆర్ చూసుకుంటుంది. ఆఖరిదాంట్లో నాకు నూటికి నూరు. మా టీమ్‌లో ఇప్పుడు అందరూ సేవకులే, నాయకుణ్ని నేనొక్కణ్నే.

మొన్నటి సర్వేలో, పేర్లు రాయక్కర్లేని సర్వే లెండి, "మీ మేనేజర్ మీ మాట వింటారా?" అన్న ప్రశ్నకి అందరూ ఐదుకి ఐదు వేశారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ రెండు వేశారు. మనసు చివుక్కుమంది. ఎంత బాధలో ఉండి అలా వేశారో! ఎవరో కనుక్కున్నాను. రేపు సాయంత్రం ఆరింటి తర్వాత పిలిచి, వాళ్ల మాట తీరిగ్గా వింటాను.