పైడిరాజు పేరు జాబితాలోనే ఉంది

"మీ పేరు రావడం లేదండీ." విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పింఛనుకో, భూమి పత్రానికో కిటికీ ముందు నిలబడినవారికి తరచూ ఎదురయ్యే మాట ఇది. నేను దీన్ని ఒప్పుకోను. పేరు జాబితాలోనే ఉంటుంది. లోపం వెతికిన తీరులో ఉంది.

పైడితల్లి అమ్మవారి మీది భక్తితో ఇక్కడ పైడిరాజు, పైడమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఆ 'పై'ని ఇంగ్లిషులో ఒక గుమాస్తా పి-వై అని రాస్తాడు, ఇంకొకరు పి-ఏ-ఐ అని రాస్తారు. చెవికి రెండూ ఒకటే. సమానం గుర్తుతో కంప్యూటరును అడిగే ప్రశ్నకు, అంటే క్వెరీకి మాత్రం వీళ్లు ఇద్దరు మనుషులు. దీనికి మందు డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఎప్పటినుంచో ఉంది. సమానం గుర్తు తీసేసి 'లైక్' అని రాయాలి. అప్పుడు % ఉన్నచోట ఎన్ని అక్షరాలైనా ఉండవచ్చు, ఒక్కటీ లేకపోయినా సరే. _ ఉన్నచోట సరిగ్గా ఒక్క అక్షరమే ఉండాలి. పి, వెంటనే %, ఆపై 'డిరాజు' అని అడిగి చూడండి, రెండు స్పెల్లింగులూ ఒకే జాబితాలోకి వస్తాయి. తండ్రి పేరు, ఊరు చూసి అసలు మనిషిని పోల్చుకోవడం ఉద్యోగికి నిమిషం పని. పేర్లను ధ్వనిని బట్టి సంకేతాలుగా మార్చే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంట్ వచ్చింది. ఆ లెక్కలో పైడిరాజు రెండు స్పెల్లింగులకూ ఒకే సంకేతం వస్తుంది, పి362. నూరేళ్లు దాటిన ఉపాయాన్ని కూడా వాడకుండా వృద్ధులను వెనక్కి పంపడం అన్యాయం.

మొదట్లోనే % పెడితే వెతుకులాటను వేగం చేసే సూచిక, అంటే మామూలు ఇండెక్స్ పనిచేయదని, పట్టికంతా చదవాల్సి వస్తుందని, ఒకరి వివరాలు మరొకరికి కనిపిస్తాయని నిపుణులు అభ్యంతరం చెబుతారు. ముందు గ్రామాన్ని ఎంచుకుంటే చదవాల్సినవి కొన్ని వేల వరుసలే. అంతకు మించితే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పేరును మూడేసి అక్షరాల ముక్కలుగా గుర్తుంచుకునే ట్రైగ్రామ్ ఇండెక్స్ ఉంది. గోప్యతకు ఉద్యోగి లాగిన్, కనీసం నాలుగు అక్షరాలు కొట్టాలన్న నియమం పెట్టండి.

అయితే అసలు జబ్బు ఇంకా లోతున ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు తెలుగులో ఉంటే దాన్ని ఇంగ్లిషు లిపిలోకి ఎందుకు నెట్టాలి? ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పట్టికను తెలుగులోకి మార్చినంత మాత్రాన కూడా సరిపోదు. 'శ్రీకాకుళం' మనకు నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. డేటాబేస్‌కు అవి పది. ఒక్క 'శ్రీ'నే అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగుగా లెక్కిస్తుంది. నాలుగు _లు పెట్టి వెతికితే శ్రీకాకుళం దొరకదు, పది పెట్టాలి! మన బడిపిల్లలకు తెలిసిన అక్షరం ఆ యంత్రానికి తెలియదు.

రాత జనం పలుకుబడికి దగ్గర కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండ వేసే కార్యాలయాలే మర్నాడు తెలుగు మనిషిని ఇంగ్లిషు స్పెల్లింగు అడుగుతున్నాయి. పౌరుల పేర్లు వెతికే ఏ సాఫ్ట్‌వేర్ టెండరులోనైనా ఒక షరతు రాయండి: తెలుగు అక్షరాన్ని అక్షరంగానే లెక్కపెట్టాలి, సింహాచలం అని కొడితే సింహాచలము కూడా రావాలి, అప్పలనరసమ్మ అంటే అప్పలనర్సమ్మ కూడా కనిపించాలి. అంతవరకు ఆ సరుకుకు బిల్లు చెల్లించకండి.