కుర్చీ కింద రెండు మీటలు

ఒక కంట్రోల్ రూమ్ ప్రాజెక్టులో తెరలు, బల్లలు, మీటలు అన్నీ ఖరారై, సగం బిగింపు కూడా పూర్తయిన తరువాత, మానవ కారకాల ప్రణాళిక, అంటే పరికరాలు వాడే మనిషికి అనువుగా ఉండేలా చూసే పత్రం, వ్రాయమని నన్ను పిలిచారు. ఇల్లంతా కట్టేసి, మెట్లు ఎటువైపు ఉంటే బాగుంటుందని అడిగినట్లుంది. మీట ఆకారం కాగితం మీద ఉన్నప్పుడు మార్చాలంటే రబ్బరు ముక్క చాలునని, అట్ట నమూనా చేసి అసలు ఆపరేటర్లను ముందే కూర్చోబెట్టి చూడాలని నేను 40 పేజీలు వ్రాయగా, పెద్దలు దానిని 2 పేజీలకు కుదించి, చిట్టచివరి అనుబంధంలో చేర్చి, మిగిలిన సమస్యలన్నింటికీ 'ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వబడును' అన్న ఒక్క వాక్యంతో మందు వేశారు.

తుది సమీక్షలో నాకు దక్కిన కుర్చీని అంతకుముందు ఎవరో ఆజానుబాహువు ఎత్తుగా అమర్చుకుని వెళ్లినట్లున్నాడు. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలను పరిశీలించి, 10 కొలతలలోనూ సగటుకు సరిపోయే వ్యక్తి ఒక్కడూ లేడని తేల్చిన సంగతిని నేను గంభీరంగా వివరిస్తుంటే, సభ్యుల చూపులన్నీ గాలిలో ఊగుతున్న నా పాదాల మీదనే ఉన్నాయి. ఉదాహరణ కళ్లెదుట ఉండగా ఉపన్యాసం ఎవరికి కావాలి?

ఎత్తు తగ్గించుకుందామని, మాట ఆపకుండానే సీటు కిందికి చేయి పోనిచ్చాను. అక్కడ ఒకే ఆకారంలో రెండు మీటలు తగిలాయి. సరిగ్గా అప్పుడే నేను బి-17 విమానాల కథలోకి ప్రవేశించాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ విమానాలు నేలకు దిగిన తరువాత, పైలట్లు ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున కిందికి వాలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవారని, పక్కపక్కనే ఒకేలా ఉన్న మీటలే దీనికి మూలమని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ గుర్తించారని చెబుతూ, ఒక మీట లాగాను. సీటు దిగలేదు, వీపు వెనుక పలక దిగింది. చక్రాల మీటకు చిన్న చక్రాన్ని, ఫ్లాప్‌ల మీటకు ఏటవాలు ముక్కను తగిలించి చేతి స్పర్శకే తేడా తెలిసేలా చేశారన్న మిగతా కథను నేను పైకప్పుకు వినిపించవలసి వచ్చింది.

ఘటనా నివేదికలో కారణం 'వినియోగదారుని అజాగ్రత్త' అని నమోదైంది. "కాస్త చూసుకుని లాగవలసిందండీ" అని ప్రాజెక్టు అధిపతి మృదువుగా మందలించారు. సీటు కింద మీటను చూసుకుని లాగాలంటే మనిషి మెడకు ఇంకొక కీలు ఉండాలి. అది నా ప్రణాళిక పరిధిలోకి రాదు. దిద్దుబాటు చర్యగా నాకు అరగంట కుర్చీ శిక్షణను నిర్ణయించి, ఏ మీట దేనికో తెలిపే చీటీలను కూడా అంటించారు.

శిక్షణ రోజున పది నిమిషాలు ముందుగా వెళ్లి ఆ చీటీల కోసం వెదికాను. అవి మీటలకు అడుగువైపున ఉన్నాయి. అక్షరాలు మరీ చిన్నవి కావడంతో నేల మీద వెల్లకిలా పడుకుని, కళ్లద్దాలు సవరించుకుని మొదటి మాట కూడబలుక్కుంటుండగా తలుపు తెరుచుకుంది.

"అయ్యో, మళ్లీ పడిపోయారా?" అన్నారు శిక్షకులు.