ఆ కుర్రాడి స్టాల్ తీయించాల్సింది కాదు

మొన్న మన చికాగో తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో యూత్ కమిటీ స్టాళ్ల దగ్గర ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. హైస్కూల్లో చదివే ఒక అబ్బాయి ‘సిటీ ఆఫ్ గ్యాంగ్‌స్టర్స్’ అనే వీడియో గేమ్ తెర మీద పెట్టి, పక్కన అట్ట మీద పాత చికాగో మ్యాప్ అంటించి, వచ్చినవాళ్లకి ఇక్కడి మద్యనిషేధం రోజుల గురించి చెబుతున్నాడు. పచ్చడి పంచడం అయిపోయి, పంచాంగ శ్రవణం ఇంకా మొదలవలేదు. కార్యవర్గంలోని ఒక పెద్దాయన వచ్చి, “పండగపూట ఈ దొంగసారా ఆటలేంటి, తీసెయ్” అన్నారు. అంతటితో వదల్లేదు. కాసేపాగి మైకులో, “మన పిల్లల్ని గ్యాంగ్‌స్టర్లని చేయడానికి కాదు ఈ సంఘం పెట్టుకున్నది” అన్నారు. చప్పట్లు కొట్టాం. వాడు వైర్లు చుట్టుకుని, మ్యాప్ చిరగకుండా పిన్నులు ఒక్కొక్కటే పీకి, వాళ్లమ్మతో కలిసి భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు.

వాడి స్టాల్ దగ్గర అంతకుముందు చాలాసేపు నిలబడి విన్నవాణ్ణి కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆ గేమ్ తయారుచేసింది మన చికాగోలోనే ఉన్న సోమాసిమ్ అనే చిన్న సంస్థ. 2021 ఆగస్టులో విడుదలైంది. తుపాకీ పట్టుకుని కనబడ్డవాడినల్లా కాల్చే ఆటల బాపతు కాదు. వంతులవారీగా, ఆలోచించుకుంటూ ఆడాలి. 1920లో ఊళ్లోకి దిగిన కొత్తవాడివి నువ్వు. నీది ఏ జాతో మొదటే ఎంచుకోవాలి: ఐరిష్, ఇటాలియన్, పోలిష్, జర్మన్, ఇలా. మనవాళ్ల కొట్టుకెళితే పలకరింపు ఒకలా, అవతలి పేటకెళితే ఇంకోలా ఉంటుంది. పంచదార, మాల్టు, సీసాలు ఎవరో ఒకరిని పట్టుకుని సంపాదించాలి. పైకి మామూలు దుకాణంలా కనిపించేచోట వెనక గదిలో సారా కాయించాలి. పోలీసులకి ముట్టజెప్పాలి. వీటన్నిటికీ అసలు పెట్టుబడి మాత్రం మాటసాయం. ఒకరికి పని చేసిపెడితే ఆ రుణం నీ లెక్కలో ఉంటుంది, దాన్ని వాడుకుని ఇంకొకరి గుమ్మం ఎక్కుతావు.

“ఈ బేకరీ ఆయన్ని నేను బెదిరించాననుకోండి అంకుల్,” అని వాడు తెర మీద వేలు పెట్టి చూపించాడు. “అటు చూడండి, రెండు వీధుల అవతల ఆయన చెల్లెలి కొట్టుంది. ఆవిడ కూడా నాకు ఏమీ అమ్మదు. ఇందులో అందరూ అందరికీ చుట్టాలే. కొంచెం మన అసోసియేషన్ లాగే.” ఆ చివరి మాట వాడు వెటకారంగా అనలేదు, అభిమానంగా అన్నాడు. పెద్దాయన చెవిన పడింది అదేనేమోనని నా అనుమానం.

వాడు గేమ్ దగ్గరే ఆగిపోలేదు. నిషేధం 1920 జనవరి 17న మొదలై 1933 డిసెంబర్ 5న పోయిందనీ, ఆ మధ్యలో డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులోనే విస్కీ ఇచ్చేవారనీ చెప్పాడు. ఇందులో మన ఇండియన్స్ ఉంటారా అని ఒకావిడ అడిగితే, 1917 వలసల చట్టంతో మనవాళ్లకి తలుపులు మూసేశారనీ, 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులకి పౌరసత్వమే చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చిందనీ తడుముకోకుండా చెప్పాడు. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసొచ్చి ఫోటోలు పెట్టుకున్న మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

టేలర్ స్ట్రీట్ సంగతి చూడండి. ఇలినాయ్ యూనివర్సిటీ చికాగో క్యాంపస్‌కి ఎమ్మెస్ చదవడానికొచ్చే మన పిల్లలు రోజూ తిరిగే వీధి అది. ఆ రోజుల్లో అక్కడంతా ఇటలీ నుంచి వచ్చిన బీదాబిక్కీ. జెన్నా సోదరులనే ముఠావాళ్లు ఆ ఇళ్ల వంటగదుల్లో బట్టీలు పెట్టించి, కాచినందుకు ఇంటికి రోజుకి 15 డాలర్లు ఇచ్చేవారు. ఒళ్లు హూనం చేసుకున్నా కూలిపనిలో అంత వచ్చేది కాదు. ఇచ్చేవాడు మన ఊరివాడు, మన భాషవాడు. కాదనడం ఎలా? బట్టీ పేలితే కాలేది మాత్రం ఆ ఇల్లే. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో, హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో, 1889 నుంచీ జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ ఉంది. పిల్లల్ని చూసుకోవడం, ఇంగ్లిష్ నేర్పడం, కొత్తగా వచ్చినవాళ్లకి దారి చూపడం వాళ్ల పని. కొత్తవాడికి చేయి అందించేవాళ్లు ఆ పేటలో రెండు రకాలూ ఉన్నారు.

మన దగ్గర లేరా? ఎయిర్‌పోర్టుకెళ్లి తెచ్చుకోవడం, బేస్‌మెంట్‌లో పరుపేసి పడుకోబెట్టడం, కంపెనీలో రిఫర్ చేయడం, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే రాత్రికి రాత్రి చందాలు పోగుచేయడం మనం చేసేవే. లేని అనుభవం ఉన్నట్టు రెజ్యూమె రాయించడం, ఒకడి బదులు ఇంకొకణ్ణి ఇంటర్వ్యూలో కూర్చోబెట్టడం కూడా ‘మనోడే కదా’ అనే మాటతోనే జరుగుతాయి. మొదటిదాని గురించి సావనీర్లో పేజీలు నింపుతాం. రెండోది పిల్లల ముందు ఎత్తం. ఆ ఆట రెండింటినీ ఒకే తెర మీద చూపిస్తుంది.

నాకిది పుస్తకంలో చదివిన సంగతి కాదు. మాది తాళ్ళరేవు పక్కన పల్లె. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం మా వీధిదాకా వచ్చింది. 1993లో సారా పోయింది, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే నిషేధం. కానీ యానాం పుదుచ్చేరిలోది, అక్కడ నిషేధం లేదు. మా వీధి చివర సైకిల్ షాపు మావయ్య పాత ట్యూబుల్లో బ్రాందీ నింపి, రెండు కొసలూ సుతిలితో బిగించి, నడుముకి చుట్టుకుని, పైన వదులు చొక్కా తొడుక్కుని యానాం నుంచి బస్సులో వచ్చేవాడు. తాగేవాళ్లు రబ్బరు కంపని తిడుతూనే మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. అత్తయ్య సారా ప్యాకెట్లు తగలబెట్టిన ఆడవాళ్లలో ముందువరసలో నిలబడ్డ మనిషి. ట్యూబులు గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఆయన షాపులోనే దాచుకునేవాడు.

ఆ మావయ్యని చెడ్డవాడని నేను ఎప్పటికీ అనలేను. మా అక్క కాలేజీ ఫీజుకి అడగకుండానే డబ్బు తెచ్చిచ్చిన మనిషి. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా ఆయన చేయి పడకుండా జరిగేది కాదు. ఊరంతా ఆయనకి రుణపడే ఉంది, అందుకే ఊరంతా నోరు మూసుకుంది. చివరికి పట్టుబడింది ఆయన కాదు, షాపులో పంక్చర్లు వేసే కుర్రాడు. 1997లో నిషేధం ఎత్తేశాక మావయ్య షాపు మామూలుగా నడిచింది. ఆ కుర్రాడికి మాత్రం కుదిరిన సంబంధం తప్పిపోయింది.

స్టాల్ దగ్గర ఈ కథ చెప్పాను. పెద్దవాళ్లు ట్యూబుల సంగతికి నవ్వారు. వాడు మాత్రం, “ఆ పంక్చర్ల అన్నయ్యకి బెయిల్ ఎవరిచ్చారు అంకుల్?” అని అడిగాడు. వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టిందని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగింది వాడొక్కడే.

అభ్యంతరం చెప్పినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆ ఆటలో కొట్టడం ఉంది, చంపడం ఉంది, లంచాలున్నాయి. స్టాళ్ల మధ్య ఆరేళ్ల పిల్లలు తిరుగుతున్నారు. పండగపూట గుమ్మంలో అది ఎందుకన్న మాటలో న్యాయం లేకపోలేదు. లోపలి గదిలోకి మార్చుకోమనొచ్చు, చిన్నపిల్లలు రాకుండా ఒకరిని నిలబెట్టొచ్చు. కానీ అదే సాయంత్రం అదే వేదిక మీద ఏడేళ్ల బాబుకి అట్ట వేటకొడవలి ఇచ్చి, తలలు తెగుతాయనే సినిమా డైలాగు చెప్పించి, వన్స్‌మోర్ అన్నాం. బ్యాంక్వెట్ నైట్ ఫ్లయర్‌లో బార్ ఎన్నింటికి తెరుస్తారో పెద్ద అక్షరాల్లో వేసుకుంటాం. వాటికి లేని దోషం, చరిత్ర చదువుకొచ్చి చెప్పిన పిల్లాడికి ఎలా వచ్చింది? హైస్కూల్ దాటగానే పిల్లలు సంఘం మొహం చూడరని ప్రతి జనరల్ బాడీ మీటింగులో వాపోతాం. పిలవకుండా వచ్చి టేబుల్ వేసుకున్నవాణ్ణి మనమే పంపించేశాం.

దీపావళి కార్యక్రమాలు ఇంకా ఖరారు కాలేదు. కార్యవర్గానికి నా విన్నపం: యూత్ కమిటీ గంటలో ఆ అబ్బాయికి అరగంట ఇవ్వండి. పక్కన రెండు కుర్చీలు వేసి, మన ఆంధ్రలో నిషేధం రోజుల్ని ఊళ్లో ఉండి చూసిన మన అమ్మల్నీ నాన్నల్నీ కూర్చోబెట్టండి. వాడు అడుగుతాడు, వాళ్లు చెబుతారు. మర్నాడు హైస్కూల్ పిల్లల్ని టేలర్ స్ట్రీట్‌కీ, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న హల్ హౌస్‌కీ తీసుకెళ్దాం. వ్యాన్ ఖర్చు నేను పెట్టుకుంటాను. మైకులో ఆ మాట అన్న పెద్దాయనకి చేతులు జోడించి చెబుతున్నాను. మీరంటే మా అందరికీ గౌరవం, ఈ సంఘానికి మీరు చేసింది మరిచిపోయినవాళ్లు లేరు. ఆ అబ్బాయికి మీరే ఫోన్ చేయండి. నేను పిలిస్తే రాకపోవచ్చు, మీరు పిలిస్తే వస్తాడు.