పరాచికం అరుగు దాటితే

మా ఇంట్లో 'లంగర్' అనే మాటకి రెండు అర్థాలు. నాన్న నోట వస్తే అది జవాన్ల వంటశాల. మావయ్య నోట వస్తే ఓడని నిలబెట్టే ఇనుప లంగరు. నాన్న ఆర్మీ సప్లై కోర్‌లో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, మావయ్య నేవీలో చేశాడు. సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారంటే ఇక చుట్టూ జనమే.

"ఏటి బావా, తెల్లబట్ట నలక్కుండా పదేనేళ్ళు లాగించీసినావు" అని నాన్న మొదలుపెడతారు.

"మరి నువ్వో? బియ్యం బస్తాల మీద పడుకోని పెన్షన్ తెచ్చీసుకున్నావు గదా" అని మావయ్య అందుకుంటాడు.

బావ బావమరుదుల మధ్య ఇలాంటి మాటలకి మనలో ఎవరూ తప్పు పట్టరు. ఆ చుట్టరికంలోనే ఆ చనువు ఉంది. మిలట్రీలోనూ అంతే. ఆర్మీవాడికి కాళ్ళే గాని బుర్ర పనిచెయ్యదని నేవీవాడు అంటాడు. ఎయిర్‌ఫోర్స్‌వాడి బూటుకి మట్టి అంటదని, పొద్దంతా ఏసీ గదిలో కూర్చుని సాయంత్రానికి క్వార్టర్‌కి వచ్చేస్తాడని ఆర్మీవాడు అంటాడు. ఆర్మీలోపల మళ్ళీ ఇన్‌ఫాంట్రీవాడికి సప్లైవాడంటే చులకన, ట్యాంకు నడిపేవాడికి కాలినడకన పోయేవాడంటే జాలి. ఆఖరికి సెల్యూట్ కూడా ఒకేలా కొట్టరు. ఆర్మీలో అరచెయ్యి ఎదుటివాడికి కనిపించాలి, నేవీలో నేలవైపు తిరగాలి, ఎయిర్‌ఫోర్స్ 2006 నుంచి 45 డిగ్రీల వాలులో పెడుతోంది. నా పల్టన్, నా ఓడ, నా స్క్వాడ్రన్ అందరికంటే మిన్న అనే పట్టుదల లేకపోతే గడ్డకట్టే చలిలో రాత్రంతా కాపలా నిలబడటం ఎవరి వల్లా కాదు. దాన్ని నేను తప్పు పట్టను. నా బాధంతా ఈ మాటలు ఆ పని ఏమిటో తెలియనివాళ్ళ చేతికి వెళ్ళి, మనిషి విలువని తూచే రాళ్ళుగా మారిపోవడం గురించే.

నాన్న విషయంలో అదే జరిగింది. "యుద్ధం చేశాడా ఏటి? లారీ తోలాడు" అన్న మాట మా బంధువుల ఇళ్ళల్లో నా చెవిన చాలాసార్లు పడింది. నాన్న శ్రీనగర్ నుంచి లేహ్‌కి కాన్వాయ్ నడిపేవారు. దారిలో జోజిలా కనుమ, 11,500 అడుగుల పైమాటే. ఆ రోజుల్లో శీతాకాలం వస్తే ఆ దారి నెలల తరబడి మూసేసేవారు. కిరోసిన్, పిండి, మందుగుండు, ఏది కావాలన్నా మంచు పడకముందే పైకి చేర్చాలి. పైనున్న జవాను ఆ చలికాలమంతా బతకడం ఈ లారీల మీదే ఆధారపడి ఉంటుంది. ఒకసారి మంచులో బండి ఆగిపోతే చేతి తొడుగు తీసి పానా పట్టుకున్నారట. కుడిచేతి రెండు వేళ్ళ చివర స్పర్శ ఇప్పటికీ లేదు. మా అమ్మ పొగలు కక్కే టీ గ్లాసు ఇస్తే ఆ వేళ్ళతో అలాగే పట్టుకుని కూర్చుంటారు, కాలుతున్నట్టు తెలీదు. చొక్కా పై గుండీ పెట్టుకోవాలంటే రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. లారీ తోలాడు అన్నవాళ్ళు ఆ వేళ్ళని ఎప్పుడూ చూడలేదు.

మావయ్య గురించి మా అంచనా కూడా అంత తప్పే. నేవీ అంటే మాకు పెళ్ళి ఆల్బమ్‌లోని ఆ తెల్ల యూనిఫామే. విశాఖలో ఒకసారి కుటుంబాలని ఓడ చూడటానికి రానిచ్చినప్పుడు నాన్న, నేను వెళ్ళాం. మావయ్య మమ్మల్ని ఇనుప నిచ్చెన మీదుగా తను పనిచేసే చోటికి, ఇంజన్ రూమ్‌కి దింపాడు. ఇంజన్లు పూర్తిగా నడవడం లేదు కూడా. అయినా ఆ వేడికి, ఆ నూనె వాసనకి, ఆ మోతకి అయిదు నిమిషాల్లో పైకి వచ్చేశాం. నాన్న చొక్కా వీపుకి అంటుకుపోయింది. తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఆనందపురం దాటాక అన్నారు, "ఆడు ఇందులో ఇన్నేళ్ళు ఎలాగున్నాడ్రా" అని. మావయ్యకి టీవీ సౌండ్ ఎందుకంత పెద్దగా పెట్టాలో మాకు ఆరోజు అర్థమైంది. ఆ తర్వాత కూడా అరుగు మీద పరాచికాలు ఆగలేదు. తెల్లబట్ట మాట మాత్రం నాన్న నోట మళ్ళీ రాలేదు.

ఒక ముద్ర మనిషి మీద ఎంతకాలం ఉండిపోతుందో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేట పేరు కంపెనీ పటాలాలు అక్కడ మకాం పెట్టిన కాలం నాటిది. ఈస్టిండియా కంపెనీ తెలుగు నేల నుంచి తీసుకెళ్ళిన సిపాయిలని చూసి, ఉత్తరాదిలో సిపాయి అనే మాటకే 'తిలంగా' అని పేరు పడింది. అలాంటిది 1857 తర్వాత యుద్ధానికి పనికొచ్చే జాతులు, పనికిరాని జాతులు అని బ్రిటిష్‌వాళ్ళు జాబితాలు రాశారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయిల్లో పస తగ్గిపోయిందని తీర్మానించాడు. ఆ తీర్మానం విధానమైంది. పదాతి దళంలో మనవాళ్ళ భర్తీ తగ్గుతూ వచ్చి 1920ల చివరికల్లా మద్రాసు పటాలాలనే రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మళ్ళీ తలుపు తీశారు. ఒకరి అభిప్రాయం రెండు తరాల కుర్రాళ్ళ దారి మూసేసింది.

ఇక దళాల అధిపతులు కూర్చునే పెద్ద బల్ల దగ్గరికి వద్దాం. 1999 మే నెలలో కార్గిల్ కొండల మీద చొరబాటుదారులు కనిపించినప్పుడు ఆర్మీ ముందుగా సాయుధ హెలికాప్టర్లు అడిగింది. అంత ఎత్తులో అవి శత్రువు క్షిపణులకి తేలిగ్గా దొరికిపోతాయని, పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా దాడికి దిగలేమని ఎయిర్‌ఫోర్స్ చెప్పింది. రోజులు గడిచాయి. మే 26న విమాన దాడులు మొదలయ్యాయి. 27న రెండు యుద్ధ విమానాలు పోయాయి. 28న ఒక ఎంఐ-17 హెలికాప్టర్‌ని క్షిపణి కొట్టింది, అందులోని నలుగురూ చనిపోయారు. అంటే ఎయిర్‌ఫోర్స్ భయం నిజమే. కొండ కింద నుంచి ఎక్కుతున్న జవాన్ల మీద పైనుంచి గుళ్ళు కురుస్తున్నాయి, కాబట్టి ఆర్మీ తొందరా నిజమే. పద్ధతి మార్చుకున్నాక జూన్ 24న టైగర్ హిల్ మీద మిరాజ్ విమానాలు లేజర్ బాంబులు గురి తప్పకుండా వేశాయి. అప్పటి ఇద్దరు అధిపతులు, ఆర్మీకి మాలిక్, ఎయిర్‌ఫోర్స్‌కి టిప్నిస్, రిటైరయ్యాక కూడా తప్పెవరిదన్న దాని మీద పత్రికల్లో వాదించుకున్నారు. నాకు అందులో ఏ ఒక్కరూ తప్పనిపించదు. ఎవరి పని ఎంత ప్రమాదమో రెండోవారికి ముందే తెలిసి ఉంటే ఆ రోజులు కొన్నయినా కలిసొచ్చేవి కదా అన్నదే నా ఆవేదన.

అలా కలిసి పనిచెయ్యడం చేతకాని దేశం కాదు మనది. పాకిస్తాన్‌తో యుద్ధంలో 1971 డిసెంబర్ 4 రాత్రి నేవీ పడవలు కరాచీ మీద క్షిపణులు వేశాయి. తూర్పున విమాన వాహక నౌక విక్రాంత్ మీద నుంచి లేచిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లని కొట్టాయి. 11న ఎయిర్‌ఫోర్స్ విమానాల్లోంచి ఆర్మీ పారా జవాన్లు టంగైల్ దగ్గర దిగారు. 16న ఢాకా లొంగిపోయింది.

మూడు దళాలకీ కలిపి ఒక అధిపతి ఉండాలని కార్గిల్ తర్వాత, 2001లో మంత్రుల బృందం సిఫారసు చేసింది. ఆ కుర్చీలో మనిషి కూర్చునేసరికి 2020 జనవరి 1 వచ్చింది. దళాల మధ్య పంతాలు కూడా ఈ ఆలస్యానికి ఒక కారణం. 2021 జూలైలో ఆ మొదటి అధిపతి జనరల్ రావత్, ఆర్మీకి ఫిరంగి దళం ఎలాగో ఎయిర్‌ఫోర్స్ కూడా అలాంటి సహాయక దళమే అన్నారు. కేవలం సహాయకులం కామని అప్పటి ఎయిర్‌ఫోర్స్ చీఫ్ భదౌరియా అదేరోజు బదులిచ్చారు. అరుగు మీద అయితే ఇది నవ్వుకునే మాట. ఆ స్థాయిలో అది ఎవరి చేతికింద ఎన్ని విమానాలు ఉండాలో తేల్చే మాట. అపాచీ హెలికాప్టర్లు ఎయిర్‌ఫోర్స్‌కి 22, ఆర్మీకి విడిగా 6 కొన్న దేశం మనది. ఆర్మీకి ఏడు, ఎయిర్‌ఫోర్స్‌కి ఏడు, నేవీకి మూడు కమాండ్లు దేనికదే.

మూడు దళాలూ ఒకే కమాండర్ కింద 2001 నుంచి పనిచేస్తున్నది అండమాన్‌లో. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) మన జిల్లా జనం ఎంతమంది ఉన్నారో శ్రీకాకుళంలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఈ కలిసి పనిచేసే పద్ధతి దేశమంతా రావాలని, అందుకు ఒక్కో ప్రాంతంలో మూడు దళాలనీ ఒకే కమాండర్ కిందికి తెచ్చే థియేటర్ కమాండ్లు ఏర్పడాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే ఈ చర్చంతా జనరళ్ళు, అడ్మిరళ్ళ గురించే సాగుతోంది. ఆఫీసర్లకి ఎలాగూ కలిసే చోటు ఉంది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడు దళాల క్యాడెట్లు ఒకే మెస్‌లో తింటారు. విజయనగరం పక్కనే ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి పిల్లల్ని అక్కడికి తయారుచేసి పంపుతోంది. గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు అక్కడ చదువుకున్నవారే. మరి జవానుకి అలాంటి చోటు ఎక్కడుంది?

మా జిల్లాల్లో తెల్లవారుజామున హైవే పక్కన, కాలేజీ గ్రౌండ్లలో, కళింగపట్నం ఇసకలో పరిగెత్తే కుర్రాళ్ళని చూడండి. ఆర్మీకి 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఇంకాస్త టైమ్ ఇస్తాయి. అక్కడి నుంచే ముద్ర మొదలు. మార్కులొచ్చినవాడు ఎయిర్‌ఫోర్స్‌కి, రానివాడు ఆర్మీకి అని ఊరు నిర్ణయించేస్తుంది. ట్రేడ్స్‌మన్‌గా సెలెక్టయిన కుర్రాడొకడు ఆ సంగతి దాచి, ఉత్తినే 'ఆర్మీ వచ్చింది' అని చెప్పుకోవడం నేను చూశాను. వంట, బట్టలు, క్షౌరం చూసే మనిషి లేకుండా ఏ పటాలమూ కదలదని వాడికి ఎవరూ చెప్పలేదు. సీఆర్‌పీఎఫ్ కుర్రాళ్ళ సంగతి మరీ కష్టం. ఊరు వాళ్ళనీ మిలట్రీ అనే పిలుస్తుంది. కానీ వాళ్ళది హోంశాఖ, 2004 తర్వాత చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు.

సెలెక్షన్ అయ్యాక ఆమదాలవలస స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫామ్ మీద వీడ్కోళ్ళు. నేవీ వచ్చినవాడు ఒడిశా వైపు, చిల్కా ట్రైనింగ్‌కి. ఎయిర్‌ఫోర్స్‌వాడు బెళగావికి. మద్రాస్ రెజిమెంట్‌వాడు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి, ఇంజనీరు దళమైన మద్రాస్ సాపర్స్‌వాడు బెంగళూరుకి. ఆ రైలు దిగాక ఒకడి పని ఇంకొకడికి చూపించేవాళ్ళు ఉండరు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో ఉద్యోగమే నాలుగేళ్ళు, ఆ తర్వాత 25 శాతం వరకే కొనసాగుతారు. అంత తక్కువ కాలంలో విన్న మాటే జ్ఞానమైపోతుంది.

ట్రైనింగ్‌లో ఒక్క వారం చాలు. ఆర్మీ కుర్రాణ్ణి విశాఖలో ఓడ కింది అంతస్తుకి దింపండి. నేవీ కుర్రాణ్ణి సామానుతో నిండిన లారీలో కొండదారిన పంపండి. ఇద్దర్నీ ఎండలో రన్‌వే మీద విమానానికి సరుకెక్కించే ఎయిర్‌మన్ పక్కన ఒక షిఫ్ట్ నిలబెట్టండి. కొత్త చట్టాలూ కొత్త కమాండ్లూ అక్కర్లేకుండా, దళాలు తలుచుకుంటే వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టొచ్చు.