పొడుగు చేతుల చొక్కా

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో భోజనాల దగ్గర ఒక చెల్లెలు అడిగింది, "ఈసారి వెకేషన్ ఎక్కడికెళ్ళారక్కా?" అని. "మెక్సికోలో కాంకూన్" అన్నాను. పక్కనే పప్పన్నం కలుపుకుంటున్న మా ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మేం వెళ్ళింది కాంకూన్‌కి కాదు. తొమ్మిదేళ్ళ కిందట వెళ్ళొచ్చినప్పుడూ ఇదే అబద్ధం చెప్పాను. ఇంటికి వస్తుంటే కారులో ఆయన మెల్లగా అన్నారు, "మనమేం తప్పు చేశామని?" నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన్ని అడిగే రాస్తున్నాను.

మేం వెళ్ళింది కరేబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ దీవికి. అక్కడ ఓరియంట్ బే అని ఒక బీచ్ ఉంది. దాని దక్షిణపు కొసన బట్టలు లేకుండా ఉండాలనుకునేవాళ్ళు ఉంటారు. నేచురిస్ట్ బీచ్ అంటారు. ఫిబ్రవరిలో ఆరు రోజులు మేం రోజూ అక్కడే గడిపాం. నాకు 57, ఆయనకి 61.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి బొల్లి ఉంది. మీలో చాలామందికి తెలియదు, ఎందుకంటే ఇన్నేళ్ళూ ఆయన్ని మీరు పొడుగు చేతుల చొక్కాలోనే చూశారు. జులై ఎండలో మన పిక్నిక్ జరిగినా సరే, మణికట్టు దగ్గర గుండీ పెట్టే ఉంటుంది. ఆయన తెనాలి మనిషి. కాలువల ఊళ్ళో పుట్టినవాడికి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. బడి వదలగానే పుస్తకాల సంచీ గట్టు మీద పడేసి నీళ్ళలో దూకేవారట. తొమ్మిదో తరగతిలో నడుం మీద మొదటి తెల్లమచ్చ కనిపించింది. తోటి పిల్లాడొకడు "నువ్వు దిగితే మేం దిగం" అన్నాడు. ఆ రోజు గట్టెక్కినవారు మళ్ళీ నీళ్ళలో దిగలేదు. అది 1978.

బొల్లి అంటురోగం కాదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడి వాటిని చంపేస్తుంది. అందువల్ల అక్కడక్కడ రంగు పోతుంది. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఉంటుందని అంచనా. మన భాషలో దీనికి శ్వేతకుష్ఠు అని ఇంకో పేరుంది. కుష్ఠుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ పేరే ఎన్ని సంబంధాలు చెడగొట్టిందో! మా పెళ్ళప్పుడు మావాళ్ళలో సగంమంది "పుట్టే పిల్లలకొస్తుంది" అని నా చెవిలో ఊదారు. నేను ఆయన్ని చూశాను, మాట్లాడాను, చేసుకున్నాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తాల్సిన అవసరం నాకు రాలేదు. అయినా ఆ దీవికి మొదటిసారి వెళ్ళేదాకా, పాతికేళ్ళ కాపురంలో ఆయన నలుగురి ముందు చొక్కా విప్పింది నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మనవాళ్ళకి కరేబియన్ అనగానే గుర్తొచ్చేవి మెడికల్ కాలేజీలు. మేం మొదట వెళ్ళిందీ అందుకే. 2016 జనవరిలో మా ఆడపడుచు కొడుకుని అక్కడి అమెరికన్ మెడికల్ కాలేజీలో దింపడానికి వెళ్ళాం. ఆ దీవి భలే చిత్రంగా ఉంటుంది. ఉత్తర భాగం ఫ్రెంచివాళ్ళది, దక్షిణ భాగం డచ్చివాళ్ళది. 1648లో రాసుకున్న ఒప్పందం అది. సరిహద్దు దగ్గర గేటు లేదు, తనిఖీ లేదు, రోడ్డు పక్కన ఒక రాతి స్తంభం, జెండాలు, అంతే. కాలేజీ, విమానాశ్రయం డచ్ వైపు ఉన్నాయి. అబ్బాయిని దింపేశాక రెండు రోజులు మిగిలితే, హోటల్ అమ్మాయి ఫ్రెంచి వైపు ఓరియంట్ బే బాగుంటుందని చెప్పింది. వెళ్ళాం. ఇసుకలో దక్షిణంగా నడుచుకుంటూ పోయాం. నేచురిస్ట్ బీచ్ అన్న బోర్డు చూసేసరికి అందులోకి వచ్చేశాం.

ఆయన వెనక్కి తిరిగారు. నేనే ఆగాను. ఎందుకాగానో చెప్తాను. నాకు రెండు గజాల దూరంలో డెబ్భై దాటిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటున్నారు. గొంతు కింద నుంచి పొట్ట మొదలు దాకా నిలువుగా కుట్టు, బైపాస్ ఆపరేషన్‌ది. ఆయన భార్య పక్కన కూర్చుని స్వెటర్ అల్లుతున్నారు. ఆవిడ పొట్ట మడతలు, తొడల మీద నీలి నరాలు, అన్నీ కనిపిస్తున్నాయి. పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యెత్తి పలకరించి మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయారు. అంతకుమించి మా మీద ఆయనకి ఏ ఆసక్తీ లేదు. అలాంటి చూపు నాకు అంతకుముందు ఎప్పుడూ ఎదురవలేదు. ఎగాదిగా చూడటం లేదు, చూసి మొహం తిప్పుకోవడమూ లేదు.

రెండు కుర్చీలు, ఒక గొడుగు అద్దెకి తీసుకున్నాం. మావారు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కాతో గంటసేపు కూర్చున్నారు. ఆ బీచ్ మొత్తంలో ఒంటినిండా బట్టలున్నది ఆయనకే. తర్వాత ఎడం చేతి గుండీ విప్పారు. కాసేపాగి కుడి చేతిది. చేతులు మోచేతి దాకా మడిచారు. ఎవరూ చూడటం లేదని నాలుగు పక్కలా చూసుకున్నారు. నిజంగానే ఎవరూ చూడలేదు. చొక్కా విప్పి మడత పెట్టి నా చేతికిచ్చి, "అలా నీళ్ళ దాకా వెళ్ళొస్తా" అన్నారు. 38 ఏళ్ళ తర్వాత ఆయన ఈత కొట్టడం చూస్తూ నేను గొడుగు కింద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు అక్కడే ఉన్న క్లబ్ ఓరియంట్ అనే నేచురిస్ట్ రిసార్టుకి మారాం. నా సంగతి చెప్పాలంటే, నాకు ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది. రెండు సిజేరియన్ల మచ్చలు, జారిన పొట్ట, చీర కట్టుతో ఇన్నేళ్ళుగా సర్దుకుంటూ వచ్చిన ఒళ్ళు. ఒంటి మీద నూలుపోగు లేకుండా సముద్రంలో దిగినప్పుడు మొదట వచ్చింది సిగ్గు కాదు, తేలిక. ఈ ఒళ్ళు నన్ను ఎంత దూరం మోసుకొచ్చిందో, దాన్ని ఒక్కనాడూ మంచిగా చూడలేదే అనిపించింది.

2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను ఆ దీవి మీద పడింది. గంటకి 185 మైళ్ళ గాలి. మా మేనల్లుడి కాలేజీ క్లాసుల్ని కొంతకాలం ఇంగ్లండ్‌లో ప్రెస్టన్‌కి తరలించారు. క్లబ్ ఓరియంట్ నేలమట్టమైంది. ఆ ఫొటోలు చూసి మావారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇక అటు వెళ్ళం అనుకున్నాం. పిల్లల పెళ్ళిళ్ళు, కోవిడ్, మా అత్తగారి జబ్బు, ఇలా ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి ఈ ఫిబ్రవరిలో ఆయనే టికెట్లు తీశారు.

పాత రిసార్టు లేదు. బీచ్ మాత్రం అక్కడే ఉంది, గాలి అదే, ఎదురుగా గ్రీన్ కే అనే చిన్న దీవి అదే. దగ్గర్లో ఒక చిన్న హోటల్లో దిగి రోజూ పొద్దున నడిచి వెళ్ళేవాళ్ళం. మా రోజు ఇలా గడిచేది. ఏడింటికి బీచ్. పదింటికల్లా నీడలోకి. ఎందుకంటే బొల్లి మచ్చల్లో రంగు ఉండదు కాబట్టి ఎండకి ఇట్టే కాలిపోతాయి. "ఎండ తగిలితే రంగొస్తుంది" అని ఊళ్ళో పెద్దలు చెప్పే మాట నమ్మి ఒళ్ళు బొబ్బలెక్కించుకున్నవాళ్ళున్నారు. డాక్టర్లు వెలుతురుతో చేసే వైద్యం వేరు, దానికి లెక్క ఉంటుంది. అందుకని ఎస్‌పీఎఫ్ 50 క్రీము రెండు గంటలకోసారి రాసేదాన్ని. వీపు మీద కుడి పక్క మచ్చ తమలపాకంత ఉంటుంది, దాని కింద చిన్నవి మూడు. ఆ మచ్చలన్నీ నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం నిద్ర. నాలుగింటికి మళ్ళీ ఈత. రాత్రి గ్రాండ్ కేస్ ఊళ్ళో బొగ్గుల మీద కాల్చిపెట్టే చిన్న హోటళ్ళుంటాయి, లోలోలు అంటారు. అక్కడ చేపో కోడో తినేవాళ్ళం. ఆరు రోజుల్లో ఒక్కరోజు కూడా ఫోన్‌లో ఆఫీసు మెయిల్ తెరవలేదు, ఒక్క టెన్షన్ కూడా గుర్తు రాలేదు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బొల్లికి అనుమతిచ్చిన రక్సోలిటినిబ్ పూతమందు ఆయన వాడుతున్నారు. మొహానికి కొంత రంగు తిరిగొచ్చింది, చేతులకి రాలేదు. అక్కడున్నన్నాళ్ళూ ఆయన చేతుల గురించి ఆలోచించనేలేదని వచ్చేటప్పుడు విమానంలో చెప్పారు.

ఇక మీరు అడగబోయేవాటికి వస్తాను. అక్కడ అసభ్యంగా ఏమైనా జరుగుతుందా? నేచురిస్టుల నియమాలు చాలా గట్టివి. ఎక్కడ కూర్చున్నా సొంత తువ్వాలు పరుచుకోవాలి. అడగకుండా ఫొటో తియ్యకూడదు. తేరిపార చూడకూడదు. వెకిలి వేషాలు కుదరవు. పెద్దవాళ్ళ పార్టీల కోసం నడిపే రిసార్టులు కరేబియన్లో వేరే ఉన్నాయి, వాటికీ వీటికీ పోలిక లేదు, బుక్ చేసే ముందు చదువుకోవాలి. ఓరియంట్ బే అందరిదీ కాబట్టి క్రూయిజ్ షిప్పులు వచ్చిన రోజుల్లో చూసిపోదామని వచ్చే జనం ఉంటారన్నది కూడా నిజం. ఆ రోజు మేం పినెల్ దీవికి పడవెక్కేవాళ్ళం. ఇంకోటి, ఆ దీవి ప్రజలు చర్చికి వెళ్ళేవాళ్ళు, పద్ధతిగా ఉండేవాళ్ళు. బీచ్ దాటి కొట్టుకి వెళ్ళాలంటే ఒళ్ళు కప్పుకునే వెళ్ళాలి. వాళ్ళ ఊరు వాళ్ళది.

"ఇది మన సంస్కృతి కాదు" అంటారు. ఈ మాట నేను తేలిగ్గా తీసుకోను. కానీ చరిత్రలో మనకి తెలిసిన మొట్టమొదటి నేచురిస్ట్ సంఘం పుట్టింది ఐరోపాలో కాదు, మన దేశంలో, బొంబాయి పక్కన ఠాణేలో, 1891లో. క్రాఫర్డ్ అనే ఇంగ్లీషు జడ్జి పెట్టారు. సభ్యులు ముగ్గురే. ఏడాది తిరిగేసరికి అది ముగిసిపోయింది. అంతకు చాలా ముందు, పన్నెండో శతాబ్దంలో, శివభక్తురాలు అక్కమహాదేవి జుట్టే వస్త్రంగా కన్నడదేశం నుంచి శ్రీశైలం నడిచొచ్చింది. పడవెక్కి ఆమె పేరున్న గుహలకి మనం భక్తితో వెళ్ళొస్తాం. ఆమె వైరాగ్యమూ మా సెలవులూ ఒకటేనని నేననను, అంత సాహసం చెయ్యను. ఒళ్ళు కనిపించడమే పాపం అన్న మాట మాత్రం మనది కాదంటాను. గోదావరి పుష్కరాల రేవులో తడిబట్టల్లో వేలమంది ఆడామగా పక్కపక్కన మునుగుతారు. అక్కడ ఎవరి ఒళ్ళు ఎవరు చూస్తారు?

నా బాధ బీచ్ గురించి కాదు. మీరెవరూ అక్కడికి వెళ్ళక్కర్లేదు. సిగ్గు ఎవరిది వాళ్ళది, దాన్ని గౌరవించాలి. కానీ మనం ఒకళ్ళ ఒంటి మీద ఒకళ్ళం వేసే మాటలున్నాయే, వాటి గురించి నాకు కోపం ఉంది. "ఏంటి ఇలా లావయ్యావ్?" "ఇండియా వెళ్ళొచ్చి నల్లబడ్డావే!" "పిల్లకి ఆ పులిపిరి తీయించకపోయారా, రేపు సంబంధాలు చూడాలి కదా?" ఇవన్నీ ప్రేమతోనే అంటాం. నేనూ అన్నాను, ఒక కాలేజీ పిల్లతో అన్నాను, ఆ పిల్ల మన డాన్సు ప్రోగ్రాం మానేసింది. ఇప్పటికీ నాకు అది ముల్లులా గుచ్చుకుంటుంది. మా పెద్దమ్మ రొమ్ములో గడ్డ తగిలితే ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు, చూసే డాక్టరు మగాయనని. చెప్పేనాటికి చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు. మన హెల్త్ క్యాంపులో షుగరు, బీపీ పరీక్షలకి లైను కడతాం. చర్మం చూపించుకునే టేబుల్ దగ్గర, మామోగ్రాం గురించి చెప్పే టేబుల్ దగ్గర కిందటేడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను అక్కడే వాలంటీర్‌గా కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటుంది. ఈ ఏడు క్యాంపులో ఆ రెండు టేబుళ్ళనీ హాల్లో కాకుండా తలుపున్న గదిలో పెట్టండి, ఆడ డాక్టరు ఒకరు, మగ డాక్టరు ఒకరు ఉండేలా చూడండి. సంబంధాల కోసం మన పత్రికలో వేసే ప్రకటనల్లో "తెల్లని" అన్న మాట తీసెయ్యండి.

ఆగస్టులో లేక్ దగ్గర మన పిక్నిక్ ఉంది. కిందటి వారం మావారు కొట్టుకి వెళ్ళి పొట్టి చేతుల చొక్కాలు రెండు కొనుక్కొచ్చారు, ఒకటి నీలం, ఒకటి లేత పసుపు. పిక్నిక్‌కి నీలం చొక్కా వేసుకొస్తారు. మధ్యాహ్నం నాలుగు దాటాక ఈతకి దిగుతారు, పిల్లలెవరికైనా నేర్చుకోవాలనుంటే నేర్పిస్తానన్నారు. మచ్చల గురించి అడగాలనిపిస్తే నన్ను పక్కకి పిలిచి అడగొద్దు, ఆయన్నే అడగండి, చెప్తారు.