మర్చిపొమ్మంటే సరిపోతుందా డాక్టరు గారూ?

ఇప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాణ్ణి మానసిక వైద్యుడికి చూపించడానికి తీసుకెళ్ళాను. దొంగతనం చేశాడన్న అనుమానంతో లాకప్‌లో చావబాది, చివరికి నువ్వు కాదులే పో అని వదిలేసిన మనిషి వాడు. దెబ్బలు మానాయి, నిద్ర మాత్రం తిరిగి రాలేదు. తలుపుకి వీపు పెట్టి కూర్చోడు. బయట జీపు ఆగితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

అలాంటివాళ్ళు వచ్చే గది గుమ్మంలో పేర్లు పిలవడానికి ఖాకీ బట్టల్లో హోంగార్డుని నిలబెట్టారు! ఆయన్ని అనను, ఆయన డ్యూటీ ఆయనది. కానీ గట్టిగా పేరు పిలవగానే వీడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయాడు. బతిమాలి లోపలికి తీసుకెళ్తే డాక్టరు గారు తలెత్తకుండానే, "చూడు బాబూ, జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపో" అని చీటీ రాసిచ్చారు.

మర్చిపోవడం చేతనైతే మీ దాకా ఎందుకొస్తాడండీ?

నియంత పినోచెట్ ఏలిన కాలంలో చిలీ దేశపు మానసిక వైద్యులు చిత్రహింసలు పడ్డవాళ్ళని మర్చిపొమ్మనలేదు, చెప్పమన్నారు. వాళ్ళు చెప్పింది రాసి, కలిసి చదివి, సరిచేసి, ఆ వాంగ్మూలాన్ని వాళ్ళ చేతికే ఇచ్చేవారు. డెన్మార్క్‌లో 1982లోనే ఇలాంటివాళ్ళ కోసం ప్రత్యేకంగా కేంద్రం పెట్టారు. అన్నిటికంటే ముందు కావాల్సింది భయం లేని చోటు. కొట్టిందీ సర్కారే, కేసు రాసేదీ సర్కారే, గాయాల సర్టిఫికెట్ ఇచ్చేదీ సర్కారే అయితే ఆ చోటు ఎక్కడుంది? పరీక్ష చేసే డాక్టరు పక్కనే పోలీసు నిలబడితే "దెబ్బలేమైనా ఉన్నాయా" అన్న ప్రశ్నకి ఎవడు నిజం చెప్తాడు?

ఇక కోర్టులో నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన లేదంటారు. ఆ పొంతన లేకపోవడం హింస వల్లే కావచ్చని చిత్రహింసల కేసుల్ని ఎలా పరిశీలించాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మార్గదర్శి, ఇస్తాంబుల్ ప్రోటోకాల్, ఎప్పుడో చెప్పింది. మన లాయర్లలో ఎంతమంది చదివారు? 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ ఆడవాళ్ళు మావోయిస్టుల వేటకి పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. 2023లో కోర్టు నిందితులందర్నీ విడుదల చేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇమ్మంది. దాదాపు 16 ఏళ్ళు! అన్నేళ్ళూ వాళ్ళకి నిద్ర పట్టిందా అని అడిగిన నాథుడున్నాడా?

అసలు నా కోపం డాక్టరు మీద కూడా కాదు. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు, అంటే దానికి కట్టుబడి ఉంటామని ఒప్పుకోలేదు. 2010లో చిత్రహింసల్ని ఆపడానికి లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేస్తే అది రాజ్యసభ దాటనే లేదు, మురిగిపోయింది. 2017లో లా కమిషన్ మళ్ళీ ముసాయిదా రాసిచ్చింది. పరిహారం తేల్చేటప్పుడు బాధితుడి మానసిక క్షోభని కూడా లెక్కలోకి తీసుకోవాలని, వైద్యానికీ పునరావాసానికీ సరిపోయేలా ఇవ్వాలని ఆ నివేదికలో స్పష్టంగా ఉంది. ఎవరు ఆపుతున్నారు దాన్ని? దేనికి భయం? ఓట్లడగడానికి వచ్చిన ప్రతి ఎంపీనీ ఈ ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పేదాకా గుమ్మం దాటనివ్వను.